దొరకని వాద్యరత్నావళి



జాయప సేనానిని తలుచుకుంటూ చేబ్రోలులో మాట్లాడమంటే ఎవరైనా నృత్తరత్నావళి గురించే మాట్లాడతారు. ఆ పని పెద్దలు ఎప్పుడో చేశారు, బాగా చేశారు. వి. రాఘవన్ గారు 1965లో మద్రాసు నుంచి సంస్కృత మూలాన్ని పరిష్కరించి అచ్చు వేయించారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు దాన్ని తెలుగులోకి తెచ్చారు. నటరాజ రామకృష్ణగారు ఆ శ్లోకాలనూ రామప్పగుడి శిల్పాలనూ పక్కపక్కన పెట్టుకుని పేరిణి నాట్యాన్ని మళ్లీ రంగస్థలం ఎక్కించారు. వాళ్ల పనికి నేను కొత్తగా చేర్చగలిగింది పెద్దగా లేదు. అందుకని జాయప రాసిన పుస్తకాల్లో దొరికినదాన్ని వదిలేసి, దొరకనిదాని గురించి మాట్లాడతాను. గీతం మీద ఒకటి, వాద్యం మీద ఒకటి, నృత్తం మీద ఒకటి, మొత్తం మూడు రత్నావళులు ఆయన రాశాడని పండితులు చెబుతారు. మనకు మిగిలింది మూడోది. వాద్యరత్నావళి ప్రతి ఇంతవరకు బయటపడలేదు.

జాయప ఎవరో ఈ ఊళ్లో చెప్పక్కర్లేదు గానీ, పిల్లలు కూడా కూర్చున్నారు కాబట్టి రెండు ముక్కలు. ఆయనది దివిసీమను ఏలిన అయ్య వంశం. కాకతి గణపతిదేవుడు దివిని గెలిచి, జాయప అక్కచెల్లెళ్లు నారాంబ, పేరాంబలను పెళ్లాడి, కుర్రవాడైన జాయపను తన కొలువులోకి తీసుకున్నాడు. ఏనుగుల దండుకు అధిపతిని చేశాడు, చేబ్రోలు అప్పగించాడు. ఇక్కడి 1213 నాటి శాసనం ఆ సంగతులు చెబుతుంది. తండ్రి పేర ఆయన కట్టించిన చోడేశ్వరాలయం ఈ ఊళ్లోనే. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్పగుడి ప్రతిష్ఠ చేయించినదీ ఆ 1213లోనే. నృత్తరత్నావళి పూర్తయింది 1253-54లో. అంటే ఊరు చేతికొచ్చిన నలభై ఏళ్లకు గ్రంథం తేలింది. ఏనుగుల మావటీల మధ్య, రణభేరుల మోత మధ్య బతికిన మనిషి గజ్జెల చప్పుడులో తేడాలు పట్టుకుని రాశాడంటే ఆ చెవి ఎలాంటిదో ఊహించుకోండి.

అలాంటి చెవి ఉన్నవాడు వాద్యాల మీద ఏం రాసి ఉంటాడు? వాద్యాలు ఎలా పుట్టాయని చెప్పి ఉంటాడు? ఆనాటి శాస్త్రకారులందరూ మొదలుపెట్టే చోటనే, అంటే భరతుడి నాట్యశాస్త్రం దగ్గరే, ఆయనా మొదలుపెట్టి ఉంటాడని నా నమ్మకం. తీగ వాద్యాలు తతం, ఊదేవి సుషిరం, తోలు కప్పినవి అవనద్ధం, తాళాల్లాంటి లోహపువి ఘనం అని నాలుగు రకాలు చెప్పి, డోలు జాతి పుట్టుకకు భరతుడు ఒక కథ చెబుతాడు. స్వాతి అనే ముని ఉన్నాడు. అనధ్యయనం రోజు, అంటే బడికి సెలవు రోజు, నీళ్లకని కొలనుకు వెళ్లాడు. మబ్బు పట్టింది, వాన దంచింది. తామరాకుల మీద చినుకులు పడుతున్నాయి. పెద్ద ఆకు మీద ఒక చప్పుడు, నడిమిదాని మీద ఒకటి, చిన్నదాని మీద ఇంకొకటి. ముని ఆ తేడాలు మనసులో పెట్టుకుని ఆశ్రమానికి వచ్చి, విశ్వకర్మ చేత మృదంగాది పుష్కరవాద్యాలు చేయించాడు.

ఎంత అందమైన కథో! సెలవు రోజున పుట్టిన వాద్యం అనుకుంటేనే పిల్లలకు హుషారు. అయితే ఆ కథలోనే ఒక చిన్న మాట ఉంది, మనం దాన్ని దాటిపోతుంటాం. స్వాతి దేవతల దుందుభిని చూసి తన వాద్యాలకు రూపం కట్టాడని అక్కడే ఉంది. అంటే డోలు పుట్టిన కథలో డోలు అప్పటికే ఉంది! స్వాతి చేసింది మొట్టమొదటి డోలు కాదు. ఉన్న డోలు చేత రకరకాల స్వరాలు పలికించే ఉపాయం పట్టుకున్నాడు. ఏ వాద్యం పుట్టుకను తవ్వినా ఇదే తంతు. ముందు ఇంకేదో ఉంటుంది. ఒకడు దాన్ని కాస్త దిద్దుతాడు, తరవాతివాడు ఇంకాస్త దిద్దుతాడు. దిద్దినవాడి పేరు పుస్తకానికి ఎక్కదు, దిద్దించినవాడి పేరు ఎక్కుతుంది. కథలో సైతం చేసినవాడు విశ్వకర్మ, పేరొచ్చింది మునికి.

ఆ దిద్దుబాటును దగ్గరగా చూద్దాం. ఉత్త తోలు బిగించి కొడితే మోత వస్తుంది గానీ శ్రుతి రాదు. తోలు నడిమిన కొంత బరువు వేయాలి. భరతుడు దీనికి మట్టి చెప్పాడు. ఏ మట్టి పడితే అది కాదు. గులకరాళ్లు, ఇసుక, గడ్డి, పొట్టు లేని నదీతీరపు చామనచాయ మట్టి. అది దొరక్కపోతే గోధుమపిండి, యవలపిండి వాడుకోవచ్చు గానీ మట్టికున్న గుణం రాదన్నాడు. ఈ మాట రాసిన చేతికి మట్టి అంటుకుని ఉండాలి, లేదా మట్టి అంటిన చేతివాడి పక్కన కూర్చుని ఉండాలి. ఇవాళ మృదంగం కచేరీకి ముందు ఎడమవైపు ఏం చేస్తారో చూశారు కదా. తడిపిన బొంబాయి రవ్వ ముద్ద చేసి తోలు నడుమ అంటిస్తారు. శ్రుతి కుదిరేదాకా కాస్త గిల్లుతారు, కాస్త కలుపుతారు, బొటనవేలితో అదుముతారు. కచేరీ అయ్యాక గీకి పారేస్తారు. భరతుడి నాటి పిండి ఇంకా తడి ఆరలేదన్న మాట.

కుడివైపు కథ వేరు. అక్కడ నల్లగా, గుండ్రంగా కనిపించేది కరణ. ఇనుపరాతిని మెత్తగా నూరి, ఉడికిన అన్నంతో కలిపి ముద్ద చేసి, వేలి కొసంత తీసుకుని తోలు మీద పల్చగా పూస్తారు. నున్నటి రాయితో రుద్ది ఆరనిస్తారు. దాని మీద ఇంకో పొర. మళ్లీ రుద్దడం, మళ్లీ ఆరబెట్టడం. నడిమిన దళసరిగా, అంచుకు పోయేకొద్దీ పల్చగా రావాలి. ఎన్ని పొరలు వేయాలో కొలతబద్ద చెప్పదు. రుద్దుతూ మధ్యలో వేలితో కొట్టి చూసుకుంటారు, చెవి చాలన్నప్పుడు ఆపుతారు. పూత ఎక్కువైతే నాదం బిగుసుకుపోతుంది, తక్కువైతే నిలవదు. ఆ పైన రెండు తోళ్ల నడుమ సన్నటి పుల్లలో రాతి పలుకులో దూర్చి మోతను తేట చేస్తారు. మట్టి నుంచి పిండికి, పిండి నుంచి చెరిగిపోని ఇనుపపూతకు ఎవరు వచ్చారు, ఏ ఊళ్లో, ఏ ఏట? ఏ శాసనంలోనూ లేదు.

ఈ పూత ఎంత పెద్ద పనో శాస్త్రజ్ఞులకు చాలా ఆలస్యంగా తెలిసింది. బిగించిన తోలును కొడితే పుట్టే ఉపస్వరాలు ఒకదానితో ఒకటి పొసగవని పాశ్చాత్య భౌతికశాస్త్రం లెక్క కట్టి తేల్చింది. అందుకే అక్కడ చాలా డోళ్లది లయ కొట్టడం వరకే. సి.వి. రామన్ 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి నేచర్ పత్రికలో రాసిన చిన్న వ్యాసంలో, ఆ తరవాత 1934లో వివరంగా రాసిన వ్యాసంలో, మన మృదంగం, తబలా ఆ లెక్కను ఎలా తప్పించుకున్నాయో చూపించారు. నడిమి పూత తోలు కదలికలను మార్చి, ఉపస్వరాలను మూలస్వరానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు అయ్యేట్టు వరుసలో నిలబెడుతుంది. తీగ పలికేదీ ఇలాగే. అంటే తోలుతో తీగ మాట పలికించారు. రామన్ కళాశాలలో గణితం పెట్టుకుని తేల్చినదాన్ని మూతలు కట్టేవాడు బొటనవేలితో ఎప్పుడో తేల్చుకున్నాడు. మన శాస్త్రగ్రంథాల మీద నాకు గౌరవం లేక కాదు గానీ, ఈ విషయంలో నా ఓటు బొటనవేలికే.

ఇక తీగ సంగతి. జాయపకు సమకాలికుడు ఒకడు దేవగిరిలో ఉన్నాడు, యాదవ సింఘణుడి కొలువులో శార్ఙ్గదేవుడు. అతని సంగీతరత్నాకరంలో వాద్యాధ్యాయం మనకు చక్కగా మిగిలింది. జాయప వాద్యరత్నావళిలో ఏముండి ఉంటుందో ఊహించడానికి అదే మనకు దగ్గరి ఆధారం. అందులో కిన్నరి వీణ చేసే తీరు చెబుతూ, మెట్లను రాబందు ఎముకతో గానీ లోహంతో గానీ చేసి మైనపు ముద్దతో దండికి అంటించమంటాడు. రాబందు ఎముక అనగానే మీకు వింతగా ఉంటుంది. జర్మనీలో హోలె ఫెల్స్ అనే గుహలో 2008లో ఒక పిల్లనగ్రోవి ముక్కలు దొరికాయి. అతికించి చూస్తే ఐదు రంధ్రాలున్నాయి. వయసు ముప్పై అయిదు వేల ఏళ్ల పైచిలుకు. దాన్ని చేసిందీ రాబందు రెక్క ఎముకతోనే. తేలిక, గట్టిదనం, లోపల బోలు, ఈ మూడు గుణాలూ ఆ ఎముకలో ఉన్నాయని ఎక్కడివాళ్లకక్కడ తెలిసింది. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారని నేననను.

కిన్నరి మైనం మాత్రం ఎక్కడికీ పోలేదు. బొబ్బిలిలో ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేసేవాళ్లు ఇవాళ్టికీ ఇరవై నాలుగు మెట్లనూ మైనం మీదే నిలబెడతారు. ఎండాకాలం మైనం మెత్తబడితే మెట్టు జరుగుతుంది, స్వరం తప్పుతుంది, మళ్లీ మెట్లు కట్టించాలి. మన ఎండల గురించి తెలిసినవాడెవడూ మైనం ఎంచుకోడు కదా అనిపిస్తుంది. కానీ జరిపి, విని, మళ్లీ జరిపి ఆపుకునే వీలు మైనంతోనే ఉంది. మేకు కొడితే కొట్టిందే. నాగర్‌కర్నూలు ప్రాంతపు దర్శనం మొగులయ్యగారి పన్నెండు మెట్ల కిన్నెర చూడండి. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చాక ఆ పేరు ఊరూరికీ తెలిసింది. వెదురు దండి, ఎండు సొరబుర్రలు, మైనంతో నిలబెట్టిన మెట్లు. శార్ఙ్గదేవుడు సంస్కృతంలో రాసిన వాద్యానికి చుట్టంలాంటిదాన్ని డక్కలి కులంవాళ్లు ఏ శ్లోకమూ చదవకుండా తరతరాలుగా కాపాడుకొచ్చారు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో బోలెడన్ని వాద్యాల పేర్లు ఏకరువు పెట్టాడు. వాటిలో చాలావాటిని ఇవాళ చూపించమంటే మనలో ఎవరం చూపించలేం. మిగిలిన వాద్యం ఏదైనా చేతిలో మిగిలిందే గానీ పద్యంలో మిగిలింది కాదు.

మిగలనిదాని కథ కూడా మన దగ్గరే ఉంది. అమరావతి స్తూపపు పలకలు కొన్ని చెన్నై మ్యూజియంలోనూ కొన్ని లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. వాటిలో నాట్యం చేసేవాళ్ల చుట్టూ కూర్చున్న స్త్రీల చేతుల్లో ఒక వీణ కనిపిస్తుంది. మన సరస్వతి వీణ కాదది. విల్లులా వంగిన కొమ్ము, అడుగున తోలు కప్పిన పడవలాంటి పెట్టె, కొమ్ముకూ పెట్టెకూ మధ్య వరసగా బిగించిన తీగలు. మెట్లు లేవు, ఒక్కో స్వరానికి ఒక్కో తీగ. నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు నాణెం మీద ఒళ్లో పెట్టుకుని వాయించేదీ ఈ జాతిదే. రాజు నాణెం మీదికి ఎక్కిన వాద్యం, బౌద్ధ స్తూపం మీదికి ఎక్కిన వాద్యం, శాస్త్రాల్లో పేరున్న వాద్యం. అయినా కొన్ని శతాబ్దాలు తిరిగేసరికి ఇక్కడ కనుమరుగైంది. బర్మావాళ్లు మాత్రం సౌంగ్ అని ఇవాళ్టికీ వాయిస్తున్నారు.

ఎందుకు పోయింది? మెట్ల వీణలు వచ్చి ఒకే తీగ మీద అన్ని స్వరాలనూ పలికించడం, గమకం లాగడం మొదలయ్యాక విల్లువీణ బరువైందని చెబుతారు. సబబుగానే ఉంది. రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధిలో మెట్లు కదలకుండా నిలిపిన వీణలను వివరించాడు. ఆ తరవాత తంజావూరులో తెలుగు రాజు రఘునాథ నాయకుడు ఏ రాగానికీ మెట్లు జరపనక్కర్లేని వీణ కట్టించాడని సంప్రదాయం. ఆ దారిలో విల్లువీణకు చోటు లేకపోయింది. సరే, వాయించేవాళ్లు మానేశారు. నాకు బాధ కలిగించేది అది కాదు. వాయించేవాళ్లు మానేశాక చేసేవాళ్లూ ఆ పని వదిలేశారు. పెట్టెకు ఏ కొయ్య, తోలు ఎంత పల్చన, కొమ్మును ఎలా వంచారు, ఇవి ఏ గ్రంథం చూసి చేద్దామన్నా చాలినంతగా లేవు. బొమ్మ ఉంది, పేరుంది, వాద్యం లేదు. అందుకే వాద్యరత్నావళి పోయిందని నేను గుండెలు బాదుకోను. పుస్తకం లేకపోయినా మృదంగం, సన్నాయి, డోలు, డప్పు, కిన్నెర బతికాయి. పుస్తకాల్లో పేరుండి కూడా విల్లువీణ బతకలేదు.

దీనికి ఎదురు వాదం ఉంది, అది పేరిణి రూపంలోనే ఉంది. పుస్తకమూ శిల్పమూ చూసి నటరాజ రామకృష్ణగారు నాట్యాన్ని నిలబెట్టారు కదా, వాద్యాన్ని ఎందుకు నిలబెట్టలేం అని అడగవచ్చు. నిజమే. కానీ నాట్యానికి కావలసిన పరికరం మనిషి ఒళ్లు, అది ఎప్పుడూ చేతికందేదే. పైగా పేరిణి అంగాల్లో ఘర్ఘరం ఒకటి. గజ్జెలను అదుపులో పెట్టి, పాదం మోపే తీరును బట్టి రకరకాలుగా మోగించే విద్య. అంటే నర్తకుడి కాలు తానే ఒక ఘనవాద్యం. ఆ గజ్జెలు చేసేవాళ్లు మధ్యలో మాయమై ఉంటే రామకృష్ణగారి పని ఎంత కష్టమయ్యేదో!

కర్త పేరు, తేదీ ఖాయంగా తెలిసిన వాద్యాలు లేవా అంటే ఉన్నాయి. అడాల్ఫ్ సాక్స్ 1846లో సాక్సోఫోన్‌కు పేటెంటు తీసుకున్నాడు. పారిస్‌లో అలెగ్జాండర్ దెబేన్ 1842లో హార్మోనియానికి తీసుకున్నాడు. పేటెంటు కాగితం ఉంది కాబట్టి పుట్టిన తేదీ ఉంది. కానీ మన వైపు హార్మోనియం కథ ఆ కాగితంతో తేలదు. 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని చేత్తో తిత్తి ఊదేట్టు మార్చాడు. గమకం పలకదని, శ్రుతులు మనవి కావని 1940లో ఆకాశవాణి దాన్ని వెలి వేసింది. 1971 దాకా ఆ వెలి నడిచింది. ఆ ముప్పై ఏళ్లూ తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో అది లేకుండా పద్యనాటకం తెర లేచిందా? బాపట్ల బిడ్డ స్థానం నరసింహారావుగారు తెనాలి రామవిలాస సభ రంగస్థలం మీద స్త్రీ వేషం కట్టి పాడిన కాలం అది. రేడియోలో పనికిరానిది పందిట్లో ప్రాణమైంది. నటుడు రాగం తీస్తుంటే హార్మోనిస్టు కిందినుంచి అందుకుని, ఊపిరి తిప్పుకునేదాకా పట్టి నిలబెట్టేవాడు. ఏ పారిస్ మేస్త్రీ ఆ పనికోసం దాన్ని చేయలేదు.

పద్యనాటకం మాట వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. చేబ్రోలు పొలిమేరలో సుద్దపల్లి ఉంది. ఈలపాట రఘురామయ్యగారు పుట్టింది అక్కడే, 1901లో. కృష్ణ వేషంలో నోట్లో వేలు పెట్టుకుని ఈలతో రాగం పలికించేవారు. పిల్లనగ్రోవి చేతిలో ఉండగా జనం ఈల అడిగేవారంటే ఆయన నోరు ఏ సుషిరవాద్యానికి తీసిపోయిందో చెప్పండి. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ విదేశీ మాండొలిన్‌కు జంట తీగలు తీసేసి, ఒంటి తీగలు ఐదు పెట్టి, కరెంటు కలిపి, కర్ణాటక గమకానికి లొంగదీశాడు. స్వాతి ముని చేసిందీ అదే, ఉన్నదాన్ని దిద్దడం. అయితే శ్రీనివాస్ పేరు మనకు తెలుసు. మొదటిసారి గోధుమపిండిలో ఇనుపపొడి కలిపి చూసిన మనిషి పేరు తెలియదు.

మన జిల్లాల్లో ఈ చేతిపనికి కులమూ మతమూ అడ్డుగా నిలిచిన చోట్లు ఉన్నాయి, నిలవని చోట్లూ ఉన్నాయి. కరవది షేక్ చినమౌలానా సాహెబ్ చిలకలూరిపేట బాణీ నేర్చి, శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుడి ముందు నాదస్వరం వాయించారు. పొన్నెకల్లు షేక్ నాజర్‌గారు తంబుర భుజాన వేసుకుని, పక్కన ఇద్దరిచేత గుమ్మెటలు మోగించి, బుర్రకథను దేశమంతటా చాటారు. ఇది గర్వంగా చెప్పుకుంటాం. డప్పు దగ్గరకొచ్చేసరికి మన నోరు తగ్గుతుంది. చింతగింజల బంకతో తోలు అతికించి, మంట దగ్గర కాచి, చెవితో విని శ్రుతి చేసే ఆ వాద్యాన్ని చావుకూ దండోరాకూ కట్టేసి, చేసినవాణ్ణి ఊరి బయట ఉంచాం. తోలు ముట్టుకున్న చెయ్యి అంటరానిది, ఆ తోలు మోగిన గుడి పవిత్రం! శాస్త్రకారులు అవనద్ధ వాద్యాలను ఎంత పొగిడినా ఆ తోలు పదును చేసినవాణ్ణి ఒక్క శ్లోకంలోనైనా తలిచినట్టు కనిపించదు. జాయప తలిచాడేమో తెలుసుకోవాలని నాకు ఆశ.

నిర్వాహకులకు ఒక మనవి చేసి ముగిస్తాను. వచ్చే ఏడు ఈ ఉపన్యాసానికి నాలాంటివాణ్ణి పిలవకండి. డోలుకు మూతలు కట్టే మనిషిని పిలవండి. ఈ చుట్టుపక్కల ఊళ్లలోనే ఉంటారు, పెళ్లిమేళాల వాళ్లను అడిగితే ఇల్లు చూపిస్తారు. ఆయన్ను మాట్లాడమనకండి, పని చేయమనండి. తోలు, వార్లు, పూత, రాయి తెచ్చుకుంటాడు. ఒక మూత పూర్తి కావాలంటే గంట సభ చాలదు, రెండు పూటలు పెట్టండి. పక్కన వీడియో తీసే కుర్రవాణ్ణి, ఏ కొలత ఎందుకని అడిగే ఒక ఫిజిక్సు మాస్టారిని కూర్చోబెట్టండి. పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం పెట్టకండి, ఆయనకు తీరదు. శాలువా నాకు కప్పినట్టే కప్పండి, కానీ ఆ రెండు రోజుల కూలీ ముందే చేతిలో పెట్టండి.